మత్తికెరె వైండింగ్ షాపులో మా జనరేటర్

మా ఊళ్లో కరెంటంటే త్రీ ఫేజ్ కరెంటే. ఇంట్లో బల్బు వెలిగితే ఎవరూ కరెంటు వచ్చిందనరు. బోరు మోటర్ నీళ్లెత్తితేనే వచ్చిందంటారు. మదనపల్లె చుట్టూ టమాటా వేసే పల్లెల్లో 2000 ప్రాంతంలో ఎక్కడికి పోయినా ఇదే మాట. ఆ కరెంటు ఏ అర్ధరాత్రికో వచ్చేది. పెదనాన్న టార్చిలైటు పట్టుకుని గట్టు వెంబడి పోయి స్టార్టర్ నొక్కి, మడి తర్వాత మడి తడిసేదాకా అక్కడే కూర్చునేవాడు. గట్ల మీద పాములు తిరిగేవి. ఒక్కోసారి ఒక ఫేజ్ పోయి రెండే మిగిలితే మోటర్ మూలుగుతూ వేడెక్కి కాలిపోయేది. దాన్ని పైకి లాగి, టౌనుకు మోసుకెళ్లి, వైండింగ్ కట్టించుకుని వచ్చేలోపల కాయ మీదున్న తోట వాడిపోయేది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, దానంతట అదే నడిచే జనరేటర్ కడుతున్నామంటే నవ్వేవాళ్లే ఎక్కువ. మా అన్న ఆ పనిలోకి ఏ బాధతో దిగాడో వాళ్లకు తెలియదు. గట్టు మీద తండ్రి ఒంటరిగా కూర్చున్న రాత్రుల్ని చూసి పెరిగినవాడికి అది వింత కోరికేమీ కాదు.

అన్న అంటే మా పెదనాన్న కొడుకు. బెంగళూరులో ఫ్రిజ్‌లు, ఏసీలు రిపేరు చేసేవాడు. నేను డిప్లొమా ముగించి పీణ్యలో ప్యానల్ బోర్డులు చేసే ఒక చిన్న కంపెనీలో వైరింగ్ పనికి చేరాను. ఇద్దరం మత్తికెరెలో మేడమీద గది తీసుకున్నాం. కింద మోటర్ వైండింగ్ షాపు. మేస్త్రిది హిందూపురం వైపు. మత్తికెరె, యశ్వంతపుర, పీణ్య వైపు మన భాష వినపడని వీధి ఉండేది కాదు. బండి దగ్గర కన్నడంలో మొదలైన బేరం తెలుగులో తెగేది. షాపు షట్టరు దించాక కూడా లోపల లైటు వెలుగుతూనే ఉండేది. వార్నిష్ వాసన, కాలిన తీగ వాసన మా గదిలోకి మెట్ల మీదుగా వచ్చేవి. ఆ వాసన ఈరోజుకీ నాకు ఇష్టం.

2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, రైతులకు ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టారు. ఊరి నుంచి ఫోన్ చేసిన పెదనాన్న గొంతులో సంబరం స్పష్టంగా తెలిసింది. అన్న కూడా సంతోషపడ్డాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం, “బిల్లు పోతుంది సరే, ఆయనకు రాత్రి నిద్ర ఎట్ల వస్తుందిరా? కరెంటు చేను దగ్గరే పుట్టాల” అన్నాడు.

ఆ వేసవిలోనే ఒకరోజు బ్రౌజింగ్ సెంటర్ నుంచి ప్రింటవుట్లు పట్టుకొచ్చాడు. అమెరికాలో జాన్ బెడిని అనే ఆయన కట్టిన మోటర్ సర్క్యూట్ అది. చూడటానికి చాలా చిన్నది. సైకిల్ చక్రం రిమ్ము చుట్టూ అయస్కాంతాలు అతికించి, దాని పక్కన ఒక కాయిల్ నిలబెట్టాలి. కాయిల్లో రెండు తీగలు, ఒకటి లావుది, ఒకటి సన్నది, కలిపి చుట్టాలి. అయస్కాంతం దగ్గరికొచ్చినప్పుడు సన్న తీగలో పుట్టే చిన్న వోల్టేజ్, స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్‌ను ఆన్ చేస్తుంది. వెంటనే బ్యాటరీ కరెంటు లావు తీగలోకి పోయి అయస్కాంతాన్ని తోసేస్తుంది. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణంలో కాయిల్లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలి, పెద్ద వోల్టేజ్ ఎగజిమ్ముతుంది. దాన్ని ఒకే వైపు కరెంటును పోనిచ్చే డయోడ్ గుండా రెండో బ్యాటరీకి పంపాలి. మొదటి బ్యాటరీ ఖాళీ అయ్యేదానికంటే రెండోది ఎక్కువ నిండుతుందనీ, అటూ ఇటూ మార్చుకుంటూ పోతే ఎప్పటికీ ఆగదనీ నమ్మినవాళ్లు ప్రపంచంలో చాలామంది ఉండేవారు. అన్న ఆ కాగితాన్ని గోడకు అంటించాడు.

సామాన్ల కోసం ఎస్పీ రోడ్డుకు పోవడమే మాకు పండగ. ఎస్పీ రోడ్డంటే సాదర్ పత్రప్ప రోడ్డు. టౌన్ హాల్ దగ్గర బస్సు దిగి నడిస్తే చాలు, రెండు పక్కలా రెసిస్టర్ల డబ్బాలు, ట్రాన్స్‌ఫార్మర్లు, పాత కంప్యూటర్ల బోర్డులు. ఒక్కో అంగడి ఒక మంచం వెడల్పు కూడా ఉండదు. లోపల ఉన్న మనిషిని 2ఎన్3055 అని అడిగితే చూడకుండానే చెయ్యి పెట్టి తీసిస్తాడు. ఇనుప టోపీ పెట్టుకున్నట్టుండే ఆ ట్రాన్సిస్టర్‌ను చేతిలో పట్టుకుంటేనే ధైర్యంగా ఉండేది. దాని కింద వేసే మైకా బిళ్ల, తెల్ల పేస్టు, 1ఎన్4007 డయోడ్లు, 680 ఓముల రెసిస్టర్, ఫెర్రైట్ అయస్కాంతం బిళ్లలు అక్కడే దొరికాయి. సైకిల్ చక్రం గుజరీలో, అంటే పాత సామాన్ల అంగట్లో, తూకానికి తెచ్చాం. ఆదివారం ఆదివారం బీవీకే అయ్యంగార్ రోడ్డు వైపు పరిచే బజారులో కూడా తిరిగేవాళ్లం. అక్కడ పాత మీటర్లు దొరికేవి. ముల్లు అంటుకోకుండా ఆడుతోందా లేదా చూసుకుని కొనాలి.

కాయిల్ మాత్రం మేస్త్రి చుట్టాడు. అది చూడాలి. రాగి పూత ఉన్న వెల్డింగ్ కడ్డీలను ఒక్క పొడుగుకు కోసి, కట్టగా బిగించి, వార్నిష్ పోసి ఆరబెట్టి నడిమి కోర్ చేశాడు. ప్లాస్టిక్ బాబిన్‌ను చేతి యంత్రానికి బిగించి, రెండు ఎనామెల్ తీగలను ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి వదులుతూ కుడిచేత్తో తిప్పాడు. చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, పక్కపక్కనే పడుకునేలా బొటనవేలితో సర్దుతూ, పెదాలు కదలకుండా లెక్కపెట్టుకున్నాడు. ఎవరైనా పలకరిస్తే చెయ్యి ఆపడు, జవాబూ ఇవ్వడు. ముగిశాక తీగ కొసల మీది ఎనామెల్‌ను బ్లేడుతో గీకి, తీగ ఎక్కడా తెగలేదని సీరీస్ ల్యాంపు పెట్టి చూసుకుని, “తీస్కోప్పా, నీ అమెరికా కాయిల్” అన్నాడు.

అయస్కాంతాల ఉత్తర ధ్రువాలన్నీ బయటికే ఉండాలి. ఒకదానితో ఒకటి తోసుకునే తీరు చూసి పెన్నుతో గుర్తు పెట్టుకుని, అరాల్డైట్‌తో అతికించి, పైన టేపు చుట్టాం. చక్రం వేగం అందుకున్నాక బిళ్ల ఊడిందంటే రాయిలా ఎగిరి వస్తుంది.

ట్రాన్సిస్టర్‌ను కాపాడటానికి దాని మీద ఒక చిన్న నియాన్ బల్బు పెట్టాలి. రెండో బ్యాటరీ వైరు పొరపాటున ఊడితే ఆ ఎగజిమ్మే వోల్టేజ్‌కు వేరే దారి ఉండాలి కదా. నియాన్ కోసం వెతకనక్కర్లేదని అన్న ఒక కరెంటు టెస్టర్ విప్పి లోపలి బుడ్డి బల్బు తీశాడు. చేత్తో ఒక్క తోపు తోస్తే చక్రం మెల్లగా మొదలై, క్రమంగా వేగం పుంజుకుని, టకటకమని ఒకే లయలో తిరగసాగింది. అన్న కావాలనే రెండో బ్యాటరీ వైరు లాగాడు. నియాన్ నారింజ రంగులో వెలిగింది. దాదాపు 70 వోల్టులు దాటితేగానీ నియాన్ వెలగదు. మా దగ్గర ఉన్నది 12 వోల్టుల బ్యాటరీ. గదిలో లైటు ఆపేసి ఆ వెలుగునే చూస్తూ కూర్చున్నాం. మా ట్రాన్సిస్టర్ రేడియోలో వివిధ భారతి పాట మధ్య ఆ టకటకలే వినిపించాయి. చక్రం మాట గాలిలో పోతోందని అన్న ఎంత మురిసిపోయాడో.

రెండో బ్యాటరీ దగ్గర మీటర్ పెడితే వోల్టేజ్ పెరుగుతోంది. 12.3, 12.8, 13 దాటింది. మొదటి బ్యాటరీలో తగ్గింది చాలా కొంచెం. ఆ రాత్రి అన్న పెదనాన్నకు ఫోన్ చేసి ఏమీ చెప్పలేదుగానీ, “బాగున్నావా నాయనా” అని మాత్రం అడిగాడు.

సార్ మా జీవితంలోకి వచ్చింది ఆ వారంలోనే. భారత్ ఎలక్ట్రానిక్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన పెద్దాయన. ఇల్లు జాలహళ్లి వైపు. నీళ్ల పంపు మోటర్ వైండింగ్‌కు ఇచ్చి, తీసుకుపోవడానికి వచ్చి, మేడమీద టకటకలు విని మెట్లెక్కారు. చెప్పులు బయట విడిచి, చక్రం ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని చాలాసేపు చూశారు. కాయిల్ బాగుందన్నారు. వైరింగ్ శుభ్రంగా ఉందన్నారు. తర్వాత అన్నను, “నాయనా, దీన్ని దేంతో కొలిచినావు?” అని అడిగారు.

ఆయన పుట్టి పెరిగింది కోలార్ బంగారు గనుల్లో. వాళ్ల నాన్న ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశారట. మేం కలిసే నాటికి గనులు మూతపడి మూడేళ్లయింది. ఆ మాట వస్తే ఆయన ముఖం మారిపోయేది. శివనసముద్రం కథ ఎన్నిసార్లు చెప్పినా ఆయనకు తనివి తీరేది కాదు. 1902లో కావేరి జలపాతం దగ్గర పుట్టించిన కరెంటును సుమారు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద కోలార్ గనులకు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తర్వాత 1905లో. “మా గనులకు ముందు, ఈ ఊరికి తర్వాత” అని గర్వంగా చెప్పేవారు. ఆ కథలో ఆయనకు అన్నిటికన్నా ఇష్టమైనది నీళ్లు పడే చప్పుడు. తన చిన్నప్పుడు నాన్నతో అక్కడికి వెళ్లి, ఆ చప్పుడు విని, ఇంట్లో బల్బు వైపు వేరేగా చూడటం నేర్చుకున్నానని చెప్పారు.

సార్ ఒక్కసారి కూడా ఇది జరగదని అనలేదు. దానికి నేను ఇప్పటికీ ఆయనకు రుణపడి ఉన్నాను. భాస్కరాచార్యుడు 12వ శతాబ్దంలోనే బోలు ఆకుల్లో పాదరసం సగం నింపిన చక్రం దానంతట అదే తిరుగుతుందని రాశాడనీ, మనిషికి ఈ కోరిక పాతదేననీ చెప్పి అన్న భుజం తట్టారు. ఆ రోజుల్లో కర్ణాటకలో పరమహంస తివారీ గారి పేరు కూడా వినిపించేది. కైగా అణువిద్యుత్ ప్రాజెక్టుకు డైరెక్టరుగా చేసిన ఇంజనీరు ఆయన. 1831లో ఫారడే తిప్పిన రాగి పళ్లెం తరహాలో యంత్రాలు కట్టి, శూన్యంలో నుంచే శక్తి తీయవచ్చని వాదించేవారు. భౌతికశాస్త్రం ఆ వాదనను ఒప్పుకోలేదు. అన్న ఆయన పేరు ఎత్తి, “అంత పెద్దాయనే చెప్పినాడు కదా సార్” అన్నాడు. “చెప్పింది విందాం నాయనా. మన టేబుల్ మీద ఉన్నదాన్ని మనం కొలుద్దాం” అన్నారు సార్.

కొలవడం అంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే. మా డిజిటల్ మీటర్ సూదుల్లాంటి పల్సులను సగటు చేసి ఏదో ఒక అంకె చూపిస్తుందనీ, ఆ అంకెతో పవర్ లెక్క కట్టకూడదనీ చెప్పారు. తన ఇంట్లోంచి పాత సీఆర్‌ఓ, అంటే వోల్టేజ్ ఎగుడుదిగుళ్లను తెర మీద గీతగా చూపే యంత్రం, తెచ్చారు. వేలంలో కొన్నదట, ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చారు. బ్యాటరీ దారిలో ఒక చిన్న రెసిస్టర్ పెట్టి, దాని మీద వోల్టేజ్ చూస్తూ కరెంటు ఎలా లేస్తోందో, ఎక్కడ తెగుతోందో ఆకుపచ్చ గీతలో చూపించారు. రంపపు పన్నులా లేచి, టక్కున పడిపోయి, పైన ఒక సన్నటి ముల్లు. మేం రాత్రుళ్లు చెవితో విన్నదాన్ని కంటితో చూడటం అదే మొదలు.

బ్యాటరీ వోల్టేజ్ గురించి చెప్పింది ఇంకా ముఖ్యం. ఛార్జింగ్ తీసిన వెంటనే లెడ్ యాసిడ్ బ్యాటరీ 13 చూపించినా దానికి అర్థం లేదు. కొన్ని గంటలు ఊరికే వదిలేస్తే అది దిగి వస్తుంది. నిండా ఛార్జ్ అయినది 12.6, 12.7 దగ్గర ఆగుతుంది. అప్పుడు కూడా వోల్టేజ్‌ను నమ్మకూడదు. ఒక బల్బు పెట్టి ఎంతసేపు వెలుగుతుందో చూడాలి. సార్ లెడ్జరు పుస్తకం ఒకటి కొని, గీతలు గీసి, మా చేతికిచ్చారు.

పరీక్ష ఇలా పెట్టాం. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) సీల్డ్ బ్యాటరీలు రెండు. ముందు ఒక్కోదాన్ని నిండా ఛార్జ్ చేసి, ఒక రాత్రి వదిలేసి, 10 వాట్ల బల్బు మీద 10.5 వోల్టులకు దిగేదాకా ఖాళీ చేసి గంటలు రాసుకున్నాం. అది మా కొలత కర్ర. తర్వాత ఒకటి నింపి, ఒకటి ఖాళీగా పెట్టి, నిండినదాని మీద చక్రం తిప్పాం. అది 10.5కు దిగేదాకా రాత్రంతా తిరిగింది, మర్నాడు కూడా తిరిగింది. నేను డ్యూటీకి పోయినప్పుడు మేస్త్రి దగ్గరుండే పిల్లోడు వచ్చి మీటర్ చూసి రాసేవాడు. ఆ తర్వాత నిండిందనుకున్న రెండో బ్యాటరీని కొంతసేపు ఊరికే ఉంచి, దానికి అదే బల్బు కట్టాం.

మొదటి బ్యాటరీ నేరుగా వెలిగిస్తే వచ్చిన గంటల్లో సగం కూడా రాలేదు. బల్బు ఎర్రబడుతుంటే అన్న ఏమీ మాట్లాడలేదు. సార్ లెడ్జరులో సమయం రాసి, సంతకం పెట్టి, అన్న చేత కూడా పెట్టించారు.

అక్కడితో అన్న వదిలేస్తాడనుకున్నాను. వదల్లేదు. మిగతా సగం ఎక్కడికి పోయిందో తెలుసుకుందామని సార్ అన్నారు, అదే మాకు కొత్త ఆట అయింది. నిజం చెప్పాలంటే నాకు చక్రం తిరిగిన రోజుకన్నా ఈ రోజులే ఎక్కువ ఇష్టం. ట్రాన్సిస్టర్ వేడిని లాగే హీట్ సింక్ రేకు మీద వేలు పెడితే వెచ్చగా తగిలేది. పోయినదాంట్లో కొంత అక్కడ. కాయిల్ తీగ రెసిస్టెన్స్ కొలిచి కరెంటుతో లెక్క కడితే ఇంకొంత. కోర్ కూడా వెచ్చబడుతుంది. కాయిల్ సర్క్యూట్ ఆపేసి చక్రాన్ని చేత్తో తిప్పి వదిలితే ఎంతసేపటికి ఆగుతుందో చూసి, బేరింగూ గాలీ తినేది అంచనా కట్టాం. బేరింగ్ గ్రీజు కడిగేసి పల్చటి నూనె వేస్తే ఎక్కువసేపు తిరిగింది. బ్యాటరీ లోపలి రసాయనం తినేది వేరు. మామూలు ఛార్జర్‌తో నింపినా పెట్టినదంతా తిరిగి రాదు. ఒక్కో కారణం దొరికినప్పుడల్లా అన్న దాన్ని తగ్గించే ఉపాయం పట్టేవాడు. డయోడ్ మార్చాడు, రెసిస్టర్ విలువ మార్చాడు, కాయిల్‌కూ అయస్కాంతానికీ మధ్య సందు మార్చాడు. లెడ్జరులో గంటలు పెరుగుతూ వచ్చాయి. కొలత కర్రను మాత్రం ఎప్పుడూ అందుకోలేదు.

ఆ మధ్యలోనే అన్నకు పేటెంట్ ఆలోచన కూడా వచ్చింది. కదిలే భాగాలే లేని ఇలాంటి జనరేటర్‌కు 2002లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారని ఎక్కడో చదివాడు. అది నిజమే. పేటెంట్ ఉన్నంత మాత్రాన యంత్రం పనిచేస్తుందని కాదని సార్ విడమర్చి చెప్పారు. మన 1970 పేటెంట్ల చట్టం మూడో సెక్షన్‌లో, ప్రకృతి నియమాలకు స్పష్టంగా విరుద్ధమైనదాన్ని ఆవిష్కరణగా లెక్కించరని మొదట్లోనే రాసి ఉంది. చట్టంలో ఆ వాక్యం చూసి అన్న చాలాసేపు ఆలోచించాడు.

అసలు రాత్రి ఇంకా రాలేదు. అది మేస్త్రి వల్ల వచ్చింది.

మా తంటాలన్నీ చూస్తున్న మేస్త్రి ఒక శనివారం షట్టరు దించి, “బ్యాటరీ లేకుండా కరెంటు పుట్టాల, అంతే కదా? నేను పుట్టిస్తా చూడు” అన్నాడు. రిపేరుకు వచ్చి డబ్బు కట్టక వదిలేసిన 3 హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటర్ ఒకటి మూలన ఉండేది. మామూలు పంపు మోటర్. అయస్కాంతాలు లేవు, బ్రష్షులు లేవు. దాన్ని బెల్టు వేసి షాపులోని 5 హెచ్‌పీ మోటర్‌తో తిప్పే ఏర్పాటు చేశాడు. పేరుపలక మీద 1440 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 1440 చుట్లు, అని ఉంటుంది, కానీ జనరేటర్‌గా మామూలు కరెంటు ఇవ్వాలంటే 1500 దాటి తిరగాలి. అందుకని తిప్పే మోటర్‌కు కొంచెం పెద్ద పుల్లీ వేశాడు. మూడు ఫేజుల మధ్య కెపాసిటర్లు కట్టాడు. “స్టార్టింగ్ కెపాసిటర్లు పెడితే పేలతాయి, రన్నింగ్‌వే పెట్టాల” అని నాకు ప్రత్యేకంగా చూపించాడు. ఆ మోటర్‌కు కరెంటు తీగ ఒక్కటి కూడా తగిలించలేదు. అన్న చుట్టూ తిరిగి చూసుకున్నాడు.

బెల్టు అందుకుంది. మీటర్ ముల్లు కొంచెంసేపు అడుగునే ఆడి, ఒక్కసారిగా లేచి నాలుగు వందలు దాటి నిలబడింది. మేస్త్రి స్విచ్ వేశాడు. వంద వాట్ల బల్బులు మూడూ భగ్గున వెలిగాయి. బ్యాటరీ లేదు, అయస్కాంతం బిళ్ల లేదు. అన్న “అయ్యో దేవుడా” అని గోడకు ఆనుకున్నాడు.

సార్ ఆ రాత్రి చెప్పిన పాఠం మాట మాటా గుర్తుంది. ఆగిపోయిన మోటర్ ఇనుములో కూడా వెనకటి అయస్కాంతత్వం ఆవగింజంత మిగిలి ఉంటుంది. లోపల తిరిగే భాగం, రోటర్, తిరిగితే దాని వల్ల వైండింగ్‌లో కొన్ని వోల్టులు పుడతాయి. ఆ వోల్టులు కెపాసిటర్లలోకి కరెంటు తోస్తాయి, ఆ కరెంటు అయస్కాంతత్వాన్ని పెంచుతుంది, అది వోల్టులను ఇంకా పెంచుతుంది. ఇనుము ఇక పట్టలేనంత నిండాక పెరగడం ఆగి, వోల్టేజ్ ఒకచోట నిలబడుతుంది. తన అయస్కాంతాన్ని తానే తయారుచేసుకునే ఈ పద్ధతిని డైనమోలో సీమెన్స్, వీట్‌స్టన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకరికి తెలియకుండా ఒకరు పట్టుకున్నారు. 1867 ఫిబ్రవరి 14న లండన్ రాయల్ సొసైటీలో ఇద్దరి పరిశోధనలూ ఒకే రోజు చదివారట. “నువ్వు వెతుకుతున్నదాంట్లో నిజమైన భాగం ఇది నాయనా. ఇది ఉంది. ఇప్పుడు రెండోది చూడు” అని అన్న చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయారు.

గోడకు షాపు కరెంటు మీటర్ ఉంది. లోపల అల్యూమినియం పళ్లెం, దాని అంచున ఒక గుర్తు. పళ్లెం మెల్లగా తిరుగుతోంది. మేస్త్రి ఒక బల్బు ఆపాడు. పళ్లెం నెమ్మదించింది. ఇంకొకటి ఆపాడు, ఇంకా నెమ్మదించింది. మళ్లీ ఒక్కొక్కటే వేస్తే, వేసిన ప్రతిసారీ గుర్తు ముందుకన్నా త్వరగా వచ్చి పోయింది. అన్న తనే స్విచ్ దగ్గరికి పోయి వేస్తూ, ఆపుతూ, మమ్మల్ని పళ్లెం చూడమన్నాడు. తర్వాత మమ్మల్ని స్విచ్ దగ్గర ఉండమని, తను పళ్లెం ముందు నిలబడ్డాడు. బల్బుకు పోయే ప్రతి వాటూ బెల్టు మీదుగా, గోడ మీటర్ మీదుగా, ఎక్కడో నీళ్లు పడే చోటు నుంచో బొగ్గు మండే చోటు నుంచో వస్తోందని ఎవరూ నోటితో చెప్పనవసరం లేకపోయింది.

చివర్లో అన్న ఒక హీటర్ కాయిల్ తగిలించాడు. లోడు ఎక్కువై వోల్టేజ్ ఒక్కసారిగా కుప్పకూలింది. బల్బులు ఆరిపోయాయి, బెల్టు తేలికపడింది. మళ్లీ తిప్పినా కరెంటు పుట్టలేదు. ఇనుములో మిగిలిన ఆ కొంచెం అయస్కాంతత్వం కూడా పోయింది. మేస్త్రి మోటర్ ఆపి, కెపాసిటర్లను ఒక బల్బుతో డిశ్చార్జ్ చేసి, మా 12 వోల్టుల బ్యాటరీని వైండింగ్‌కు ఒక్క క్షణం తాకించాడు. మళ్లీ తిప్పగానే లేచింది. మా చక్రాన్ని తిప్పిన బ్యాటరీయే అది. అన్న దాన్ని చేతిలోకి తీసుకుని నవ్వాడు. ఆ నవ్వులో బాధ నాకు కనపడలేదు. అందరం బయటికొచ్చి బై టూ కాఫీలు చెప్పుకుని, హోటల్ వాడు బల్లలు ఎత్తేదాకా మాట్లాడుకుంటూ కూర్చున్నాం. కొండవాగు ఉన్నచోట ఇలాంటి మోటర్‌నే చిన్న టర్బైన్‌తో తిప్పి ఇళ్లకు కరెంటు ఇస్తారనీ, నేపాల్ లాంటి చోట్ల ఇది మామూలేననీ సార్ చెప్పారు. మా ఊళ్లో వాగు లేదని అన్న అంటే, “ఎండ ఉంది కదా” అన్నారు. 2004లో ఒక సోలార్ పంపు ధర మా ఊరి రైతు కొనగలిగేది కాదు. అయినా అన్న ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

రెండేళ్ల తర్వాత అన్న బెంగళూరు వదిలి ఊరికి పోయాడు. మేస్త్రి దగ్గర పని నేర్చుకునే పోయాడు. మదనపల్లెలో వైండింగ్ షాపు పెట్టి, ఒక ఫేజ్ పోతే మోటర్‌ను ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ బిగించకుండా ఏ రైతు మోటర్నీ తిరిగి ఇచ్చేవాడు కాదు. డబ్బు లేదంటే తర్వాత ఇమ్మనేవాడు. 2019లో కేంద్రం పీఎం కుసుమ్ పథకం తెచ్చిన తర్వాత సోలార్ పంపుల పని కూడా మొదలుపెట్టాడు. మొదటగా బిగించింది సొంత చేనులోనే. పెదనాన్నకు అప్పటికి డెబ్బై దాటాయి. పగలు పదింటికి మోటర్ వేసి, చెట్టు కింద మంచం మీద కూర్చుని నీళ్లు పారుతుంటే చూసేవాడు.

సార్ లెడ్జరు ఇప్పుడు నా దగ్గర ఉంది. ఆయన పోయాక వాళ్లమ్మాయి పిలిచి ఇచ్చింది. బల్బు గంటలు, సంతకాలు అన్నీ ఉన్నాయి. చివరి పేజీల్లో మా మోటర్ జనరేటర్ కొలతలు ఎర్ర ఇంకుతో రాసుకున్నారు.

మొన్న సంక్రాంతికి పోతే అన్న షాపులో కొత్త పిల్లోడు కనిపించాడు. ఫోన్‌లో ఏదో వీడియో చూసి, మోటర్‌నూ ఆల్టర్నేటర్‌నూ బెల్టుతో కలిపితే పవర్ లేకుండా తిరుగుతాయని అన్నతో వాదించాడట. అన్న వాణ్ణి ఒక్క మాట అనలేదు. అటక మీది నుంచి మా పాత కాయిల్ దించి ఇచ్చి, ఒక సైకిల్ చక్రం, రెండు బ్యాటరీలు, ఒక నోటు పుస్తకం ముందు పెట్టాడు. పిల్లోడు వారమంతా గంటలు రాసుకున్నాడు. ఇప్పుడు త్రీ ఫేజ్ వైండింగ్ నేర్చుకుంటున్నాడు. 36 స్లాట్ల స్టేటర్‌ను, అంటే మోటర్‌లో తీగ చుట్టే కదలని భాగాన్ని, సాయం లేకుండా కట్టేస్తున్నాడని అన్న నాతో చెప్పి, వాడు కట్టిన మోటర్‌ను బల్ల మీదికెత్తి తిప్పి చూపించాడు.